యువత వలసపోతే ఎవరికోసం ఈ నేపాల్?

నేపాల్ 2021 జనగణనలో తేలిన జనాభా 2 కోట్ల 91 లక్షలు. ఏటా పెరుగుదల 0.92 శాతం. ఎనభై ఏళ్లలో ఇంత తక్కువగా ఎన్నడూ లేదు. కుటుంబ నియంత్రణ సాధించిన విజయంగా దీన్ని చూపేవాళ్లున్నారు. ఆ మాటలో కొంత నిజమూ ఉంది: 1996లో ఒక్కో మహిళకు సగటున 4.6గా ఉన్న కాన్పులు 2022 సర్వే నాటికి 2.1కి దిగాయి. ఆడపిల్లల చదువు, పసిపిల్లల మరణాలు తగ్గడం, గ్రామ ఆరోగ్య కార్యకర్తల శ్రమ దాని వెనుక ఉన్నాయి.

కానీ అవే లెక్కల్లో మరో సంగతి ఉంది. 77 జిల్లాలకు గాను 34 జిల్లాల్లో పదేళ్ల కిందటి కంటే మనుషులు తగ్గారు. వాటిలో అత్యధికం కొండ, పర్వత జిల్లాలే. హిమాలయాల అవతలి అంచున ఉన్న మనాంగ్ జిల్లా మొత్తంలో మిగిలింది 5,658 మంది. దేశ జనాభాలో దక్షిణాది తరాయి మైదానాల వాటా మాత్రం 53 శాతం దాటింది. పిల్లలు తక్కువ పుట్టడం ఒక్కటే కొండ జిల్లాల్లో ఈ తగ్గుదలకు కారణం కాదు. పుట్టి పెరిగినవాళ్లు ఊళ్లో నిలవడం లేదు.

జనగణన నాటికి విదేశాల్లో ఉన్నవారు దాదాపు 22 లక్షలు. నూటికి 80 మందికి పైగా మగవాళ్లే. కాఠ్‌మాండూలోని త్రిభువన్ విమానాశ్రయంలో నుదుట టీకా, మెడలో దండతో కతార్‌కో మలేషియాకో బయలుదేరే కుర్రాళ్లు రోజూ కనిపిస్తారు. శవపేటికలు దిగేదీ అక్కడే. గల్ఫ్ వలసలు ఎరిగిన తెలంగాణలోని జగిత్యాల, సిరిసిల్ల వాసులకు ఈ దృశ్యం వివరించనక్కర్లేదు. కొండల్లో తరతరాలుగా చెక్కుకున్న మెట్ల పొలాలు బీడు పడ్డాయి, మిగిలిన కాస్త మక్కను కోతులు తినేస్తున్నాయి. ఎవరైనా చనిపోతే పాడె మోయడానికి పక్క ఊరి నుంచి మనుషుల్ని పిలవాల్సి వస్తున్న పల్లెలున్నాయి.

వలస కార్మికులు పంపే డబ్బు దేశ జీడీపీలో దాదాపు నాలుగో వంతు. ఆ డబ్బు పేదరికాన్ని తగ్గించింది, పిల్లల్ని బడికి పంపింది. ప్రభుత్వాలను నిశ్చింతగా కూర్చోబెట్టింది కూడా. ఊళ్లో ఉద్యోగం సృష్టించకపోయినా విదేశీ మారకం వస్తూనే ఉంటే, తొందర ఎవరికుంటుంది? ఈ సుఖమే నేపాల్‌కు అసలు ప్రమాదమని నేను నమ్ముతాను.

సముద్రం లేకపోవడం నిజమైన ఇబ్బందే. కోల్‌కతాలోనో విశాఖపట్నంలోనో దిగిన కంటైనర్ నేపాల్ సరిహద్దులోని బీర్‌గంజ్ చేరేసరికి రవాణా ఖర్చు తడిసి మోపెడవుతుంది. బరువైన సరుకు చేసి అమ్మే ఫ్యాక్టరీలతో వియత్నాం దారిలో నడవడం ఆ దేశానికి కష్టం. అయితే కరెంటుకు ఓడ అక్కర్లేదు. జలవిద్యుత్తు ఇప్పటికే భారత్‌కు వస్తోంది. 2024 నవంబరులో మన గ్రిడ్ మీదుగా బంగ్లాదేశ్‌కూ వెళ్లింది. సాఫ్ట్‌వేర్‌కూ రేవు అక్కర్లేదు. ఆ కరెంటును పక్కదేశానికి అమ్మి ఊరుకోకుండా, కొండ పట్టణాల్లో పనులు పుట్టించడానికి వాడాలి.

ఇందుకు గడువు తక్కువ. 60 ఏళ్లు దాటినవారి వాటా పదేళ్లలో 8.1 నుంచి 10.2 శాతానికి పెరిగింది. ఒకప్పటి నేపాల్ ప్రధాని మన్‌మోహన్ అధికారి ప్రభుత్వం 75 ఏళ్లు దాటినవారికి నెలకు 100 రూపాయలతో మొదలుపెట్టిన వృద్ధాప్య భత్యం నేడు 4,000. పేద దేశానికి అది గర్వించదగ్గ పథకం. కానీ కొడుకు దోహాలో ఉంటే, బీపీ మాత్రల కోసం తల్లి కొండ దిగి బజారుకెళ్లాలి. డబ్బు బదిలీతో పాటు ఇంటికొచ్చే నర్సు కావాలి.

వృద్ధుల వాటా పెరిగేకొద్దీ ఎక్కువమంది పిల్లల్ని కనమనే పిలుపులు వస్తాయి; ఆంధ్రప్రదేశ్‌లోనూ వింటున్నాం. ఇక్కడ సంతాన రేటు 1.7కు పడిపోయింది కనుక ఆ ఆందోళన అర్థమవుతుంది. కానీ ఉన్న యువతకే పని చూపలేని చోట ఇంకొందరిని కనమనడం తల్లుల మీద భారం వేయడమే. నేపాల్ పాలకులు ఆ దారి పట్టకూడదు.

వలస వెళ్లినవారికి అసలు గొంతే లేకపోవడం అన్నిటికంటే అన్యాయం. జిల్లాకు కనీసం ఒక నియోజకవర్గం ఉండాలనే రాజ్యాంగ నియమం వల్ల మనాంగ్‌కు ఒక ఎంపీ ఉన్నారు. 22 లక్షల ప్రవాసులకు మాత్రం ఉన్నచోటి నుంచి ఓటు వేసే వీలు లేదు. ఆ ఏర్పాటు చేయాలని 2018లో సుప్రీంకోర్టు ఆదేశించింది. 2022 ఎన్నికలు అది లేకుండానే జరిగిపోయాయి. ఆ ఓటు చేతికొస్తే, పని కోసం ఊరు వదలాల్సి వచ్చింది ఎందుకని పార్టీలను నిలదీసేది మొదట వాళ్లే.