పెట్టుబడి మేనరికం

రిజర్వేషన్ల మాట ఎత్తినప్పుడల్లా ఎవరో ఒకరు ఫ్లిప్‌కార్ట్ కథ పట్టుకొస్తారు. ఇద్దరు కుర్రాళ్లు, ఢిల్లీ ఐఐటీలో చదివారు, అమెజాన్‌లో ఉద్యోగం మానేశారు, 2007లో 4 లక్షలతో బెంగళూరులో పుస్తకాలమ్మే వెబ్‌సైట్ పెట్టారు. 2018లో వాల్‌మార్ట్ అందులో 77 శాతం వాటాను 1,600 కోట్ల డాలర్లిచ్చి కొంది. "వాళ్లకేమైనా కోటా ఉందా మాస్టారూ? ప్రతిభ. పోటీ. అంతే." పోయిన భాగంలో ప్రైవేటు ఉద్యోగాల్లో రిజర్వేషన్ల గురించి రాసినప్పుడూ నాకు ఇదే జవాబు వచ్చింది. అందుకని ఈ భాగం ఆ కథ గురించే.

వాళ్లు కష్టపడలేదని నేననను. వాళ్లకొచ్చిన మొదటి ఆర్డర్ మన మహబూబ్‌నగర్ నుంచే. వలస కూలీల పాలమూరుకు ఒక పుస్తకం పంపడంతో మొదలైంది ఆ కంపెనీ. కానీ అది మహా కంపెనీ అయింది పుస్తకాలమ్మి కాదు. ఎదురొచ్చిన దుకాణాన్నల్లా కొని.

2012లో లెట్స్‌బయ్‌ని కొంది. ఎలక్ట్రానిక్స్‌లో తనకు పోటీగా ఉన్న సైట్ అది. కొన్న కొద్ది నెలలకే మూసేసింది. 2014లో బట్టలమ్మే మింత్రాను కొంది. 2016లో మింత్రా చేత జబాంగ్‌ని 7 కోట్ల డాలర్లకు కొనిపించింది, 2020లో జబాంగ్ కూడా మూత. 2017లో ఈబే ఇండియాను కలుపుకుంది, మరుసటి ఏడే దానికీ తాళం. ఫోన్‌పే, క్లియర్‌ట్రిప్ సరే, అవి బతికే ఉన్నాయి.

బిజినెస్ పేజీల్లో దీన్ని 'విలీనం' అంటారు. తెలుగు పాఠాలు చెప్పుకునేవాణ్ణి కాబట్టి మాట దగ్గర ఆగుతాను. ఈ ఒక్క మాట మీద తెలంగాణలో ఎంత గొడవుందో ప్రతి సెప్టెంబర్ 17కీ చూస్తున్నాం. ఎవరు ఎవరిలో, ఎవరి ఇష్టంతో కలిశారని అక్కడ అడుగుతాం. కంపెనీల దగ్గరికొచ్చేసరికి నది సముద్రంలో కలిసినట్టు చదివేసి పేజీ తిప్పేస్తాం.

తిప్పకండి. లెట్స్‌బయ్‌లో డబ్బు పెట్టిన వాళ్లెవరు? యాక్సెల్, టైగర్ గ్లోబల్. కొన్న ఫ్లిప్‌కార్ట్‌లో డబ్బు పెట్టిన వాళ్లెవరు? యాక్సెల్, టైగర్ గ్లోబల్. మింత్రాలోనో? మళ్లీ వాళ్లే. పిల్లనిచ్చే ఇంట్లోనూ, చేసుకునే ఇంట్లోనూ ఒకే పెద్దమనుషులు కూర్చున్నారు. దీన్ని మన ఊళ్లలో పోటీ అనరు, మేనరికం అంటారు. ఆస్తి గడప దాటకుండా చేసుకునే సంబంధం. (మేనరికాలు మన పేటల్లోనూ ఉన్నాయి. కాకపోతే మన దగ్గర గడప దాటకుండా కాపాడుకోవాల్సిన ఆస్తేమీ లేదు.)

కులానికి ప్రాణం ఎక్కడుందని 1916లో, పాతికేళ్ల వయసులో, కొలంబియాలో చదివిన పత్రంలో బాబాసాహెబ్ వెతికారు. లోపలి వాళ్లు లోపలి వాళ్లనే పెళ్లాడటంలో ఉందని తేల్చారు. పెట్టుబడికి కూడా ఆ సూత్రం పనికొస్తుందని నేనంటే సాహిత్యం వాడి అతిశయోక్తి అనుకుంటారేమో. దేశంలోని 1,000 పెద్ద కంపెనీల బోర్డులను లెక్కవేసి 2012లో ఈపీడబ్ల్యూలో ఒక అధ్యయనం వచ్చింది. డైరెక్టర్లలో 93 శాతం అగ్రకులాలు. ఎస్సీ, ఎస్టీలిద్దరూ కలిపి 3.5 శాతం. బెంగళూరు ఐఐఎం అధ్యాపకులు కూడా ఉన్న ఇంకో బృందం కంపెనీల కొనుగోళ్లనే పరిశీలించింది. రెండు బోర్డుల్లోని వాళ్ల కులం దగ్గరైనప్పుడు బేరం కుదిరే అవకాశం ఎక్కువని తేలింది. ఫ్లిప్‌కార్ట్ బేరాలన్నీ కులం చూసి జరిగాయని నేననడం లేదు. అక్కడ పెద్దమనుషులు అమెరికా ఫండ్లు. నేననేది, 'స్వేచ్ఛా మార్కెట్' అని మనకు చూపిస్తున్నది తెరిచిన సంత కాదని.

ఇక ప్రతిభ సంగతి. వాల్‌మార్ట్ రావడానికి ముందు ఏళ్లలో ఫ్లిప్‌కార్ట్‌కు నష్టాలే. చివర్లో వేల కోట్లలో. ఒక్కసారి నెట్ తప్పితే మన పిల్లల ప్రతిభను శంకించే దేశం, ఏళ్ల తరబడి నష్టపోయిన కంపెనీని మేధావి అంది. నష్టపోతూ నిలబడే హక్కు కొందరికే ఉంది. ఆ హక్కే వాళ్ల రిజర్వేషన్. పక్కన రూపాయి లాభం మీద బతికే కొట్టువాడు ఆ నష్టంతో పోటీ పడలేక షట్టర్ దించేస్తాడు.

2016 ఏప్రిల్‌లో ఫ్లిప్‌కార్ట్ ఫోన్‌పేను కొంది. అదే నెల 5న కేంద్ర ప్రభుత్వం మన కోసం స్టాండప్ ఇండియా పెట్టింది. ఎస్సీ, ఎస్టీలకు, మహిళలకు 10 లక్షల నుంచి కోటి వరకు బ్యాంకు అప్పు, 2025 దాకా నడిచింది. షరతేమిటంటే, అది నువ్వు మొదటిసారి పెట్టే కొత్త వ్యాపారమే కావాలన్నారు. ఉన్నదాన్ని పెంచుకోడానికి కాదు. వాళ్లేమో ఇంకొకడు పెంచినదాన్ని కొనుక్కుని పెరగొచ్చు, మనం ప్రతిసారీ పునాది రాయి నుంచి మొదలుపెట్టాలి. పైగా వాళ్లది పెట్టుబడి, మునిగితే వదిలేస్తారు. మనది అప్పు, మునిగితే బ్యాంకు నోటీసు.

ఆ 1,600 కోట్ల డాలర్లు ఎక్కడికి పోయాయి? కంపెనీలోకి కొత్తగా వచ్చింది 200 కోట్లు. మిగతా 1,400 కోట్లూ పాత వాటాదార్ల జేబుల్లోకి. గోడౌన్‌లో డబ్బాలు మోసినవాడికి ఆ బేరంలో కుర్చీ లేదు. బేరం జరిగింది కూడా సింగపూర్‌లో రిజిస్టరైన మాతృసంస్థ వాటాల మీద.

అమెజాన్ దారి ఇంకోటి. విదేశీ పెట్టుబడితో నడిచే మార్కెట్‌ప్లేస్ సొంత సరుకు అమ్మకూడదు. అందుకని అమ్మేవాడిలోనే వాటా పెట్టింది. నారాయణమూర్తి కటమరాన్‌తో కలిసి నడిపిన క్లౌడ్‌టెయిల్ అలాంటిదే. 2018 డిసెంబర్‌లో ప్రభుత్వం నిబంధన బిగిస్తే వాటా తగ్గించుకుని కొనసాగింది, 2022లో గానీ ముగియలేదు. చట్టం దాటారని నేననను. కానీ గీత పక్కనే నడవడానికి వాళ్లకు లాయర్ల సైన్యం ఉంది. 1977 అసైన్డ్ భూముల చట్టం మన భూమి చేతులు మారకూడదంది. అయినా ఆ భూముల్లో ఎవరి రొయ్యల చెరువులున్నాయో, ఎవరి వెంచర్లున్నాయో మీ మీ ఊళ్లలో చూడండి.

వాల్‌మార్ట్ కొనుగోలుకు 2018 ఆగస్టులో కాంపిటీషన్ కమిషన్ ఒప్పుకుంది. కమిషన్ చూసేది మార్కెట్ వాటా. మనం అడగాల్సింది ఇంకొంచెం ఉంది. ప్రతి పెద్ద కొనుగోలు ఫైల్లో రెండు బోర్డుల సామాజిక వివరాలుండాలి. రెండు వైపులా ఉన్న ఉమ్మడి వాటాదార్ల పేర్లుండాలి. మూసేసే కంపెనీ ఉద్యోగులకూ, దాని మీద ఆధారపడ్డ చిన్న అమ్మకందార్లకూ ఏమిస్తారో రాయాలి. ఎంబీఏ, లా చదువుతున్న మన పిల్లలు ఒక్క ఫైలైనా ఆర్టీఐతో మొదలుపెట్టండి. వచ్చే భాగంలో డెలివరీ బ్యాగు మోసే మన తమ్ముళ్ల దగ్గరికి వెళ్దాం.

జై భీమ్.