ఒత్తిడి పెంచుటకు ముందు

మన పూర్వవిద్యార్థులలో కొందరు టర్బో కార్లు కొని, వాని శక్తిని పెంచు మార్గము లేవని మమ్ము అడుగుచున్నారు. తెలుగు పంతులకు ఇంజనుతో పనియేమని కొందరు నవ్వవచ్చును, నవ్వనిండు. మా అభిప్రాయ మిది: గాలి ఒత్తిడిని పెంచుట మొదటి పని కాదు, చివరి పని.

1905లో స్విట్జర్లాండు ఇంజనీరు ఆల్‌ఫ్రెడ్ బ్యూకి పేటెంటు పొందిన యీ యుక్తి చూచుటకు సులభమే. ఇంజను విడుచు వేడిపొగ ఒక చక్రమును త్రిప్పును; అదే ఇరుసుపై నున్న రెండవ చక్రము గాలిని నొక్కి సిలిండరులోనికి పంపును. ఆ ఇరుసు నిమిషమునకు లక్షకు మించి చుట్లు తిరుగగలదు. దానిని కాపాడునది పలుచని నూనెపొర. కావున ఆయిలు వేళకు మార్పుడు. వేగముగా నడిపిన పిదప ఒకటి రెండు నిమిషములు ఇంజనును మెల్లగా తిరుగనిచ్చి ఆపుడు.

గాలి నొక్కినకొలది వేడెక్కును. ఇంటర్‌కూలరు ఆ వేడిని తగ్గింపకున్నను, పెరిగిన గాలికి తగిన పెట్రోలు అందకున్నను, మంట అదను తప్పి ప్రేలును. దానినే నాకింగు అందురు; అది పిస్టనును పగులగొట్టగలదు. మే మెరిగిన యువకు డొకడు కొలుచు గేజికి డబ్బు లేదనుచు ఒత్తిడి మాత్రము పెంచి, నెల తిరుగకమునుపే ఇంజను విప్పించుకొనెను. అతని బ్రేకులును పాతవే!

డబ్బిచ్చు తల్లిదండ్రులు 1988 మోటారు వాహనాల చట్టములోని 52వ సెక్షనును ముందుగా చదువుదురు గాక. రిజిస్ట్రేషను పత్రములోని వివరములు తయారీదారు నిర్ణయించిన వానికి భిన్నమగునట్లు బండిని మార్చరాదని అందున్నది.