సీటు మనది, టికెట్టు దొరది



నకిరేకల్ దిక్కు ఒక మాదిగవాడలో మాట్లాడుకుంట కూసున్నం. పత్తి ఏరి వచ్చిన ఒక ముసలవ్వ అడిగింది: "సారూ, మేం ఒక గుర్తుకు ఓటేస్తిమి. గెలిచినాయన ఇంకో గుర్తులకు పాయె. మరి మా ఓటు మాకు వాపసు ఇయ్యాలె గదా?"

నేను బడిపంతులును. ఎలక్షన్ డ్యూటీలు చేసి ఎన్నో వేళ్ళకు సిరా పూసినోణ్ణి. ఓటు ఎట్ల వేయించాల్నో చెప్పే పుస్తకం మాకు ఇస్తరు. వేసిన ఓటు వాపసు తీసుకునే పద్ధతి ఆ పుస్తకంలో లేదు. అవ్వకు ఆ రోజు జవాబు చెప్పలేకపోయిన. 2028లో శాసనసభ ఎన్నికలు, 2029లో పార్లమెంటు ఎన్నికలు రావాల్సి ఉన్నయి. అప్పటిదాకా ఆగకుండ ఇప్పుడే జవాబు చెప్పుకోవాలె.

అవ్వ ఊరికే అడగలేదు. నకిరేకల్ ఎస్సీ రిజర్వు సీటు. 2014లో అక్కడ టీఆర్ఎస్ గుర్తు మీద వేముల వీరేశం గెలిచిండు, కాంగ్రెస్ గుర్తు మీద చిరుమర్తి లింగయ్య ఓడిండు. 2018లో లింగయ్య కాంగ్రెస్ గుర్తు మీద గెలిచిండు, వీరేశం ఓడిండు. 2019లో లింగయ్య టీఆర్ఎస్ కు పోయిండు. 2023 వచ్చేసరికి వీరేశం కాంగ్రెస్ కు వచ్చిండు. మళ్ళ అదే ఇద్దరు నిలబడ్డరు. గుర్తులు మాత్రం అటుది ఇటు, ఇటుది అటు. ఈసారి వీరేశం గెలిచిండు. నాలుగు ముక్కల్లో ఇదీ పదేళ్ళ కథ.

ఇద్దరూ మనోళ్ళే. వాళ్ళను తిట్టడానికి ఇది రాస్తలేను. ఆ కుర్చీలో నన్ను కూసోపెట్టినా నేను గూడ అదే చేద్దునేమో. ఎందుకంటే ఆ కుర్చీకి కాళ్ళు మన వాడలో లేవు, హైదరాబాదు పార్టీ ఆఫీసులో ఉన్నయి.

అలంపూర్ చూడండి. అదీ ఎస్సీ రిజర్వు సీటే. 2023 ఆగస్టులో బీఆర్ఎస్ తన జాబితాలో అప్పటి ఎమ్మెల్యే అబ్రహాం పేరు ప్రకటించింది. నామినేషన్ల నాటికి బీ-ఫారం విజయుడి చేతిలోకి పోయింది. విజయుడు గెలిచిండు గూడ. నేను అడిగేది ఒక్కటే. మొదటి పేరు పెట్టినప్పుడు అలంపూర్ మాలవాడల్ని ఎవరన్న అడిగిండ్రా? ఆ పేరు కొట్టేసినప్పుడు మాదిగవాడల్ని ఎవరన్న అడిగిండ్రా? పెట్టిందీ వాళ్ళే, తీసిందీ వాళ్ళే. మనం వేలు మీద సిరా పూయించుకొని వచ్చినం.

టికెట్టు ఇచ్చినోనికే జీతగాడు

మా నాయన ఒక పటేలు దగ్గర జీతం ఉన్నడు. పటేలు ఎట్ల చెప్తే అట్ల. ఎదురు మాట్లాడితే ఆ ఏటి జీతం పోయినట్టే. ఇప్పుడు రిజర్వు సీటు ఎమ్మెల్యే బతుకు గూడ అంతకంటే మెరుగుగ లేదు. 1985లో ఫిరాయింపుల చట్టం తెచ్చిండ్రు. పార్టీ విప్ మీరి ఓటేస్తే సభ్యత్వం ఊడుతదని చెప్పిండ్రు. మంచిదే అనుకున్నం. కాని ఆ చట్టం ఏం చేసింది? ఒక్కడు పార్టీ మాట కాదంటే వాని సీటు పోతది. మూడింట రెండొంతుల మంది మూకుమ్మడిగ పోతే "విలీనం" అని పేరు పెడ్తరు. 2019 జూన్ లో పన్నెండుమంది కాంగ్రెస్ ఎమ్మెల్యేలు టీఆర్ఎస్ లో కలిసింది ఇట్లనే. అంటే పార్టీకి ఎదురు తిరిగితే శిక్ష ఉంది. మాలమాదిగలకు ఇచ్చిన మాట తప్పితే శిక్ష లేదు.

రిజర్వు సీట్లు వద్దంటున్ననా? ఎన్నటికీ అనను. అవి గూడ లేకుంటే నకిరేకల్ లో, తుంగతుర్తిలో, అచ్చంపేటలో, అలంపూర్ లో మనోని ముఖం అసెంబ్లీ గేటు దాటదు. నేను చెప్పేది, సీటు ఇచ్చిండ్రు గాని సీటు తాళంచెవి ఇయ్యలేదని.

తాళంచెవి పోయింది 1932లో

ఆ తాళంచెవి ఒకసారి మన చేతిదాకా వచ్చింది. 1932 ఆగస్టులో ఇంగ్లండు ప్రధాని రామ్సే మాక్డొనాల్డు తీర్పు ఇచ్చిండు. అంటరానివాళ్ళ ప్రతినిధుల్ని అంటరానివాళ్ళే ఎన్నుకోవాలె, పైగా మామూలు నియోజకవర్గంలో గూడ వాళ్ళకు ఇంకో ఓటు ఉండాలె అన్నడు. రాష్ట్రాల సభల్లో 71 సీట్లు. గాంధీ ఎరవాడ జైల్లో నిరాహారదీక్ష పట్టిండు. దేశమంతా బాబాసాహెబ్ మీద పడ్డది. సెప్టెంబరు 24న పూనా ఒప్పందం అయింది. సీట్లు 71 నుంచి 148 అయినయి. వేరుగ ఓటేసే హక్కు పోయింది. లెక్కకు రెండింతలు అయింది, బలానికి సగం గూడ మిగల్లేదు.

ఆ ఒప్పందంలో ఒక మాట మాత్రం మిగిలింది. ఆ మాట మన ఊర్లలో ఎవరూ చెప్పరు. రిజర్వు సీటుకు ముందుగ దళిత ఓటర్లు మాత్రమే ఓటేసి నలుగురి పేర్లు తేల్చాలె. ఆ నలుగురిలోంచి ఒకర్ని ఊరంతా కలిసి ఎన్నుకోవాలె. అంటే నిలబడేది ఎవరో తేల్చే పని మనది. దానికి పదేండ్ల గడువు పెట్టిండ్రు. రాజ్యాంగం వచ్చేసరికి రిజర్వు సీటు నిలిచింది, నలుగురి పద్ధతి పోయింది. ఆ నలుగురి పేర్లు రాసే కలం అప్పటిసంది పార్టీ పెద్దల జేబులో ఉంది.

మన నల్గొండ సంగతే చెప్త. 1952 మొదటి పార్లమెంటు ఎన్నికల్లో నల్గొండ నుంచి రావి నారాయణరెడ్డి నెహ్రూ కంటే ఎక్కువ ఓట్లతో గెలిచిండని ఇప్పటికీ గర్వంగ చెప్పుకుంటరు. చెప్పుకోవాల్సిందే. కాని అప్పుడు నల్గొండది ఇద్దరు సభ్యుల నియోజకవర్గం. అదే ఎన్నికలో, అదే పీడీఎఫ్ నుంచి, ఎస్సీ సీటు మీద ఇంకొకాయన పార్లమెంటుకు పోయిండు. ఆయన పేరు సుంకం అచ్చాలు. మీ ఊర్లో ఎంతమందికి ఆ పేరు తెలుసో రేపు అడిగి చూడండి. సాయుధ పోరాటం జరిగిన జిల్లాలోనే రెడ్డిది చరిత్ర అయింది, మనోనిది అంకె అయింది.

మాటలు ఎకరాల్లో, ఇచ్చింది గుంటల్లో

సీటు తాళంచెవి మన దగ్గర లేకపోతే ఏమైతదో లెక్క చూద్దాం.

దళితుడే మొదటి ముఖ్యమంత్రి అన్నరు. 2014 జూన్ 2న ఆ కుర్చీలో కూసున్నది కేసీఆర్. భూమిలేని దళిత కుటుంబానికి మూడెకరాలు అన్నరు. 2014 ఆగస్టు 15న గోల్కొండ కోట మీద మొదలుపెట్టిండ్రు. లక్షల కుటుంబాలు ఎదురుచూస్తే పంపకం వేలల్లోనే ఆగింది. 2021లో హుజూరాబాద్ ఉప ఎన్నిక వచ్చింది, దళితబంధు పది లక్షలు వచ్చింది. పాత నల్గొండ జిల్లా వాసాలమర్రిలో 76 కుటుంబాలకు ముందుగ ప్రకటించిండ్రు. పక్కూరి మాలవాడ, మాదిగవాడ మాకెప్పుడని చూసుకుంట కూసున్నయి. అన్న పోయి ఎమ్మెల్యే ఇంటిముందు నిలబడె, తమ్ముడు పోయి సర్పంచి ఇంటిముందు నిలబడె. హక్కు గావాల్సింది సిఫారసు అయింది.

2023 ఆగస్టు 26న చేవెళ్ళ సభలో, ఖర్గే ముందల, కాంగ్రెస్ ఇంకో రెండు లక్షలు పెంచింది. అంబేడ్కర్ అభయహస్తం, కుటుంబానికి పన్నెండు లక్షలు. డిసెంబరు 7న గద్దెనెక్కిండ్రు. 2024 బడ్జెట్ పోయింది, 2025 బడ్జెట్ పోయింది. వచ్చే ఎన్నికలకు ఎవడో పదిహేను అంటడు. వేలంపాట పాడుతున్నరు, మన పేరు మీద.

బీజేపీ ఏం తక్కువ తినలేదు. 2023 నవంబరు 11న, పోలింగు ముంగట, ప్రధాని మోదీ సికింద్రాబాద్ పరేడ్ గ్రౌండ్స్ కు వచ్చి మాదిగల సభలో వర్గీకరణకు కమిటీ వేస్తనన్నడు. వర్గీకరణ ఎవని దయతోని రాలేదు. 1994లో దండోరా మోగినప్పటిసంది ముప్పయ్యేండ్లు రోడ్డు మీద ఉంటే, 2024 ఆగస్టు 1న సుప్రీంకోర్టు తీర్పు వచ్చింది. 2025 ఏప్రిల్ 14 నుంచి తెలంగాణలో చట్టం అమలుకు వచ్చింది. 59 కులాలు, మూడు గ్రూపులు, ఒకటి, తొమ్మిది, అయిదు శాతం. ఇది చట్టం అయింది కాబట్టి రేపు ఏ పార్టీ వచ్చినా ఊరికే మడిచిపెట్టలేదు. తేడా గమనించండి. పథకం పార్టీది, చట్టం మనది. పథకం ఎన్నికలతో పుడతది, ఎన్నికలతో చస్తది.

ఇగ ఎకరం లెక్క. 2018లో రైతుబంధు పెట్టిండ్రు. ఎకరాకు ఇంత అని. ఎంత భూమి ఉంటే అంత పైసలు. 2025 జనవరిలో రైతుభరోసా అని పేరు మార్చి, కాగితం మీద ఏడాదికి ఎకరాకు 12 వేలు అన్నరు. అప్పుడే భూమిలేని కూలీ కుటుంబానికి ఆత్మీయ భరోసా అని ఏడాదికి 12 వేలు అన్నరు. పిల్లలకు చెప్పినట్టు బోర్డు మీద రాస్త, చూడండి. ఇరవై ఎకరాల ఆసామికి రెండు లక్షల నలభై వేలు. ఆయన చేనుల పత్తి ఏరే కుటుంబం మొత్తానికి 12 వేలు. ఇంకొక సంగతి. పది గుంటల అసైన్డు చెలక ఉన్న మనోనికి ఎకరం లెక్కన మూడు వేలు. పది గుంటలు ఉన్నయి గనుక "భూమిలేనోడు" గాదు, కూలీ భరోసా రాదు. అంటే ఆ పది గుంటలు వానికి ఆస్తి గాదు, శిక్ష. మూడు పార్టీల మేనిఫెస్టోలు తిరగేయండి. ఎకరాకు ఎంత పెంచుతమనే పోటీ కనపడ్తది. ఎకరం లేనోని లెక్క ఎక్కడన్న చివర ఒక వరుసల ఉంటది.

మరి మన పార్టీ పెట్టుకుందామా?

ఈ ప్రశ్న ప్రతి సభలో వస్తది. ఇంగ్లండు కూలీలు ఆ పని చేసిండ్రు. ఓటు వచ్చిన కొత్తల వాళ్ళు లిబరల్ పార్టీ వెంట తిరిగిండ్రు. ఓట్లు కూలీలవి, టికెట్లు మిల్లు యజమానులవి, వకీళ్ళవి. చూసి చూసి 1900లో యూనియన్లు లండన్ లో కూడి సొంత కమిటీ వేసుకున్నయి. 1906లో 29 మంది గెలిచిండ్రు. అదే లేబర్ పార్టీ. 1924లో ఆ పార్టీ మొదటి ప్రధాని అయిందెవరు? మనకు 1932లో తీర్పు ఇచ్చిన ఆ మాక్డొనాల్డే. అయితే అదే మాక్డొనాల్డు 1931లో సొంత పార్టీని విడిచి టోరీలతోని కూడి ప్రధాని కుర్చీ కాపాడుకున్నడు. బాబాసాహెబ్ గూడ 1936లో పార్టీ పెట్టినప్పుడు స్వతంత్ర లేబర్ పార్టీ అనే పేరు పెట్టిండు.

మన దగ్గర 2021లో ఆర్.ఎస్. ప్రవీణ్ కుమార్ ఐపీఎస్ కొలువు విడిచి ఏనుగు గుర్తు పట్టుకున్నడు. ఎంతమంది పిల్లలు నీలి జెండాలు కట్టుకొని తిరిగిండ్రో నాకెరికె. నా బడిల చదివినోళ్ళు గూడ అండ్ల ఉన్నరు. 2023లో సిర్పూర్ లో ఓడిండు. 2024 మార్చిలో బీఆర్ఎస్ లో చేరి, నాగర్‌కర్నూల్ ఎంపీ సీటుకు కారు గుర్తు మీద నిలబడి ఓడిండు. ఆ పిల్లలకు ఏం చెప్పాలె?

ఇదే చెప్పాలె. పార్టీ మనదైతే సాలదు. నాయకుని మెడల తాడు మన చేతుల ఉండాలె. పార్టీ పెట్టుడు రేపటి పని, తాడు పేనుడు ఇయ్యాల్టి పని.

నలుగురి పేర్లు మనం తేలుద్దాం

నా ప్రతిపాదన ఇది. మంచిచెడ్డలు చర్చించండి. 1932లో మిగిలి, పదేండ్లకు పోయిన ఆ నలుగురి పద్ధతిని మనమే తెచ్చుకుందాం. దీనికి చట్టం అక్కర లేదు, దొర సెలవు అక్కర లేదు.

ప్రతి ఊర్లో మాలవాడ, మాదిగవాడ, ఉపకులాలు కలిసి కూసోవాలె. ఊరికి ఇద్దర్ని పంపాలె, అందుల ఒకరు ఆడమనిషి కావాలె. వాళ్ళంతా మండలానికి, ఆ తర్వాత నియోజకవర్గానికి కూడాలె. నకిరేకల్, తుంగతుర్తి, అచ్చంపేట, అలంపూర్, నాలుగు చోట్లా పార్టీలు జాబితాలు రాయకముందే నలుగురేసి పేర్లు మనం బయటపెట్టాలె. ఆ నలుగురిలోంచి టికెట్టు ఇచ్చే పార్టీతోనే మాట్లాడాలె. ఇయ్యనోని జీపు వాడలోకి వస్తే "మా పేర్లేవి?" అని అడగాలె. వర్గీకరణ అయిపోయింది కాబట్టి, ఇప్పుడు మాలకు మాదిగను చూపి, మాదిగకు మాలను చూపి ఓట్లు చీల్చే ఆట మొదలుపెడ్తరు. ఒకే సాపల కూసోకపోతే ఆ ఆటల మనమే పాచికలం.

పేరు తేలినోడు మూడు మాటల మీద సంతకం చెయ్యాలె. ఒకటి, అసైన్డు భూమి. 1977 చట్టం అసైన్డు భూమిని అమ్మినా కొన్నా చెల్లదన్నది. తర్వాత సవరణలతోని దానికి తూట్లు పొడిచిండ్రు. ఊరూరా సర్వే నంబరు వారీగ ఎవరి పేరున ఉంది, ఎవరు దున్నుతున్నరు అనే జాబితా తీయించాలె. రెండు, ఎకరాల మీద పంచే పైసలకు గరిష్ఠ హద్దు పెట్టాలె, భూమిలేనోనికి, కౌలుదారుకు అది మళ్ళాలె. మూడు, ఎస్సీల ప్రత్యేక నిధి. 2013 సబ్‌ప్లాన్ చట్టం, దాని జాగల వచ్చిన 2017 చట్టం, జనాభా మేరకు నిధులు ఇయ్యాలన్నయి. ఖర్చు గాని పైసలు మరుసటేడు కలపాలని 2017 చట్టంలనే ఉంది. మా ఊరికి ఎంత వచ్చింది, ఎటు పోయిందని పంచాయతీ గోడ మీద రాయించాలె.

ఇంకొక మాట మనల్ని మనమే అనుకోవాలె. 2022 మునుగోడు ఉప ఎన్నికల ఓటుకు వేలల్ల పంచిండ్రని పత్రికలన్నీ రాసినయి. చెయ్యి చాపినోళ్ళల్ల మనోళ్ళు లేరా? ఉన్నరు. కైకిలి లేని రోజుల ఆకలికి తీసుకున్నరు, నేను తప్పు పట్టను. కాని ఓటు అమ్మినంక వాపసు అడిగే నోరు ఉండది.

అవ్వా, నీ ఓటు వాపసు ఇచ్చే చట్టం లేదు. కాని ఓటు వెయ్యకముందే నిలబడేటోన్ని ఎంచే హక్కును నువ్వు తీసుకోవచ్చు. వచ్చే అమాసనాడు మీ వాడలో సాప పరువు. మేం వస్తం.

జై భీమ్!