గోడ పెంచితే పిల్లలు మారతారా?

వేలూరు తొరపాడి సెంట్రల్ జైలు గోడ పక్కనే రోజూ తిరిగే మనకు గోడ మీద నమ్మకం ఎక్కువ. నేరాల్లో ఇరుక్కున్న పిల్లల గురించి ఈ వారం మళ్లీ విన్నాను: "ఆ పిల్లకాయల్ని ఈ జైల్లోనే వెయ్యాల, అప్పుడు గానీ బుద్ధి రాదు." చదువుకున్న మనిషి అన్న మాట. ఒళ్లు మండింది.

2023 మార్చిలో ఇలాంటి పిల్లలను ఉంచే వేలూరు కాగితపట్టరైలోని ప్రభుత్వ గృహం నుంచి కాపలావాళ్లను కొట్టి ఆరుగురు పారిపోయారు. అప్పుడూ అందరి నోటా గోడ పెంచాలన్న మాటే. అంతకు మూణ్ణెల్ల ముందు, 2022 డిసెంబర్ 31న, చెంగల్పట్టు గృహంలో దెబ్బలు తిన్న పదిహేడేళ్ల కుర్రాడు చనిపోయాడు. సూపరింటెండెంటుతో సహా ఆరుగురు సిబ్బంది అరెస్టయ్యారు. వాడికి లోపలివాళ్లే యముళ్లయితే గోడ ఎవరికోసం?

ఆ చావు తర్వాత ఈ గృహాల మీద వేసిన జస్టిస్ చంద్రు కమిటీ 2023 నవంబర్‌లో నివేదిక ఇచ్చింది. అందులోని సిఫార్సుల్లో ఏవి అమలయ్యాయో ప్రభుత్వం జనానికి చెప్పాలి.

2015 బాలల న్యాయ చట్టం ప్రకారం బోర్డు విచారణ నాలుగు నెలల్లో ముగియాలి, అవసరమైతే బోర్డు ఇంకో రెండు నెలలు పొడిగించొచ్చు. కానీ ఇండియా జస్టిస్ రిపోర్ట్ లెక్కన, 2023 అక్టోబర్ చివరికి దేశంలోని 362 బాలల న్యాయ బోర్డుల్లో 55 శాతం కేసులు తేలనేలేదు. పదహారేళ్లవాడికి ఒక ఏడాది పోతే పదో తరగతి పోయినట్టే.

భాష సంగతి నేను వదలను. విచారణ భాష అర్థం కాని పిల్లవాడికి దుబాసీని ఇవ్వాలని ఆ చట్టం ఎనిమిదో సెక్షన్ చెబుతోంది. కన్నవాళ్లకూ ఆ సాయం కావాలి. గుడియాత్తం వైపు తెలుగు తల్లి బజారు తమిళం ఇట్టే మాట్లాడుతుంది. కోర్టు తమిళం వేరు. చదివి వినిపిస్తే తలూపుతుంది, చూపించిన చోట వేలిముద్ర వేస్తుంది, బయటికొచ్చి "ఏం జెప్పినారు నాయనా?" అని పక్కవాణ్ణి అడుగుతుంది.

అసలు ఈ పిల్లలు బడి ఎప్పుడు మానారో ఎవరైనా అడుగుతున్నారా? ఎనిమిదో తరగతి దాకా పేరు కొట్టెయ్యకూడదని విద్యాహక్కు చట్టం ఉంది. తొమ్మిదిలో ఆ అండ పోతుంది. నూరు శాతం ఫలితాల బ్యానరు కోసం వెనకబడ్డవాడి చేతిలో టీసీ పెట్టి పంపేస్తారు. అది చదువు చెప్పడం కాదు, వదిలించుకోవడం.

గోడకు పెట్టే డబ్బుతో ప్రతి గృహంలో పంతుళ్లనూ కౌన్సెలర్లనూ పెట్టండి. తొమ్మిదిలో ఎంతమంది చేరారు, పది పరీక్ష ఎంతమంది రాశారు? ఈ రెండు అంకెలూ ప్రతి బడి గేటు మీద రాయించండి. తేడా ఉంటే కలెక్టరు ముందు హెడ్మాస్టరు జవాబు చెప్పాలి.