వీగిపోయిన బిల్లుల నాయకుడు

1938 సెప్టెంబరులో బొంబాయి శాసనసభ ముందుకు పారిశ్రామిక వివాదాల బిల్లు వచ్చింది. తెచ్చింది బి.జి. ఖేర్ నాయకత్వంలోని కాంగ్రెస్ ప్రభుత్వం. మిల్లు కార్మికులు సమ్మెకు దిగాలంటే ముందు నోటీసు ఇవ్వాలి, రాజీ చర్చల తంతంతా ముగిసేదాకా ఆగాలి, ఆగకుండా పని మానితే అది నేరం. ప్రతిపక్షం వైపు నుంచి అంబేడ్కర్ లేచి ఒక మౌలికమైన ప్రశ్న వేశారు. అసలు సమ్మె అంటే ఏమిటి? పని చేస్తానని ఒప్పుకున్న మనిషి ఆ ఒప్పందం తప్పడమే కదా. ఒప్పందం తప్పినవాడి మీద నష్టపరిహారానికి దావా వేసుకోవచ్చు. అది నేరం ఎలా అవుతుంది? ఇష్టం లేని మనిషికి జైలు చూపించి పని చేయిస్తే, అతన్ని బానిసను చేసినట్టే. సమ్మె హక్కు స్వేచ్ఛ హక్కుకు మరో పేరేనని ఆయన వాదన.

సభలో సంఖ్యాబలం ప్రభుత్వానిది. బిల్లు నెగ్గింది, అంబేడ్కర్ ఓడిపోయారు. ఆ నవంబరు 7న బొంబాయిలో కార్మికులు ఒక రోజు సమ్మె చేశారు. ఆ సమ్మె కోసం అంబేడ్కర్, కమ్యూనిస్టు నాయకుడు డాంగే ఒకే వేదిక ఎక్కారు. ఇద్దరి రాజకీయాల మధ్య ఎంత ఎడం ఉండేదో తెలిసినవాళ్లకు ఆ కలయిక ఎంత పెద్దదో కూడా తెలుస్తుంది.

రాజ్యాంగ ముసాయిదా సంఘం అధ్యక్షుడిగా అంబేడ్కర్ మన పాఠ్యపుస్తకాల్లో ఉన్నారు. మన ఊళ్ల కూడళ్లలోని విగ్రహాల్లోనూ ఆయన చేతిలో రాజ్యాంగమే ఉంటుంది. అంతకు ముందు ఇరవై ఏళ్ల పాటు, మొదట బొంబాయి శాసనమండలిలో, తర్వాత శాసనసభలో, ఆపైన వైస్రాయి కార్యనిర్వాహక మండలిలో ఆయన చేసిన పని మాత్రం మన చర్చల్లోకి పెద్దగా రాదు. సెక్షన్ల వారీగా బిల్లు చదవడం, సవరణ రాయడం, ఓడిపోతానని తెలిసి కూడా లేచి మాట్లాడటం ఆ పని. చప్పట్లు రాని చాకిరీ అది. చట్టసభల మీద ఏమాత్రం నమ్మకం మిగిలిన వాళ్లమైనా ముందు చదువుకోవలసింది ఆ చాకిరీ గురించేనని నా అభిప్రాయం.

ఆ చాకిరీలో భాగమైన కార్మికుల ఇంటి సంగతి ఆయన పుస్తకాల్లో చదివి తెలుసుకోలేదు. విదేశాల నుంచి తిరిగొచ్చి, 1917లో బరోడా సంస్థానంలో ఉద్యోగంలో చేరడానికి రైలు దిగినప్పుడు ఆ నగరంలో ఆయనకు తల దాచుకునే చోటు లేదు. హిందూ హోటళ్లకు వెళితే కులం అడుగుతారు. చివరికి ఒక పార్సీ సత్రంలో పార్సీ పేరు రాయించి దిగారు. ఉద్యోగం నుంచి వచ్చి ఆ ఖాళీ మేడ మీద, చీకట్లో, పుస్తకాలతో గడిపేవారు. కొద్ది రోజులకే సంగతి బయటపడింది. కర్రలు పట్టుకుని పార్సీలు మెట్లెక్కి వచ్చి, సాయంత్రంలోగా ఖాళీ చేయమన్నారు. తెలిసినవాళ్లలో హిందువుల ఇంటా చోటు దొరకలేదు, క్రైస్తవుల ఇంటా దొరకలేదు. ఆ రోజు గంటల తరబడి ఒక పార్కులో కూర్చుని, రాత్రి బండికి బొంబాయి తిరిగి వెళ్లిపోయారు. ఈ ఉదంతం ఆయన స్వయంగా రాసిందే. కొలంబియాలో చదివి, లండన్‌లో పరిశోధన చేసి వచ్చిన మనిషికి ఒక గది దొరకలేదు.

బొంబాయిలో ఆయన కుటుంబం ఉన్నది పరేల్‌లోని ఇంప్రూవ్‌మెంట్ ట్రస్టు చాల్‌లో. ఊరిని ప్లేగు ఊడ్చేసిన తర్వాత 1898లో పుట్టిన సంస్థ ఆ ట్రస్టు. రెండో అంతస్తులో 50, 51 నంబర్ల గదులు. ఒకటి సంసారానికి, ఒకటి చదువుకూ వచ్చేపోయే జనానికీ. పొడుగాటి వరండా, అందరికీ కలిపి కుళాయిలు, అందరికీ కలిపి మరుగుదొడ్లు. చుట్టూ మిల్లులు. ఆ బొంబాయి మిల్లుల్లో, కట్టడాల పనుల్లో మన తెలంగాణ నుంచి వెళ్లిన పద్మశాలీలు, కామాఠీలు కూడా ఉండేవారు. దాదర్‌లో సొంత ఇల్లు రాజగృహ కట్టుకునేదాకా, సుమారు రెండు దశాబ్దాలు ఆయన ఆ గదుల్లోనే గడిపారు. శాసనమండలి సభ్యుడైన తర్వాత కూడా ఇంటికి తిరిగి వెళ్లింది ఆ వరండాలోకే. 1936లో ఇండిపెండెంట్ లేబర్ పార్టీ పెట్టినప్పుడు, పని గంటలు, కూలి రేట్లు, జీతంతో కూడిన సెలవుల పక్కనే కార్మికులకు చవకైన, శుభ్రమైన ఇళ్లు కూడా కార్యక్రమంలో చేర్చారు. ఆ మాట అందులోకి ఎలా వచ్చిందో వేరే చెప్పనక్కరలేదు.

ఆయన బిల్లుల చరిత్ర చూడండి. 1928లో మహర్ కులస్తుల వతన్ మీద బిల్లు పెట్టారు. వతన్ అంటే ఊరి చాకిరీ వంశపారంపర్యంగా చేసినందుకు ఇచ్చే ఇసుమంత భూమి, నామమాత్రపు భత్యం. ప్రతిఫలంగా ఇంటిల్లిపాదీ రాత్రింబవళ్లు ఎవరు పిలిస్తే వారి పనికి పరుగెత్తాలి. మన పల్లెల్లో నీరడి, వెట్టి పనులు చేసిన కుటుంబాల్లో పెద్దవాళ్లను అడిగితే ఇంతకంటే బాగా చెబుతారు. ఆ బిల్లు గట్టెక్కలేదు. బొంబాయి రాష్ట్రం ఆ వతన్లను రద్దు చేస్తూ చట్టం చేసింది 1958లో, ఆయన కన్నుమూసిన రెండేళ్లకు.

1937 సెప్టెంబరులో ఖోతీ రద్దు బిల్లు పెట్టారు. కొంకణంలో రైతుకూ సర్కారుకూ మధ్య నిలబడి శిస్తు వసూలు చేసే దళారీ ఖోతు. రైతు అతని దయ మీద బతకాలి. ఖోతుకు పరిహారం ఇచ్చి తప్పించి, సాగు చేసేవాడికే హక్కు ఇవ్వాలని ఆ బిల్లు కోరింది. 1938 జనవరిలో వేలమంది కొంకణ రైతులు బొంబాయి వచ్చి కౌన్సిల్ హాలు దాకా ఊరేగింపు తీశారు. అయినా బిల్లు ముందుకు కదల్లేదు. ఖోతీ రద్దు చట్టం 1949లో వచ్చింది. కనీస వేతనాల బిల్లును 1946 ఏప్రిల్‌లో కేంద్ర శాసనసభలో ప్రవేశపెట్టింది కూడా ఆయనే. చట్టమైంది 1948లో, అప్పటికి ఆ శాఖ మరొకరిది.

పెట్టినవాడు ఓడిపోయినా బిల్లు సభ రికార్డుల్లో మిగిలిపోతుంది. పదేళ్లకో ముప్పై ఏళ్లకో ఎవరో ఒకరు దుమ్ము దులిపి పైకి తీస్తారు. అయితే మొదట ఎవరో ఒకరు అక్కడ పెట్టి ఉండాలి. సభలో ఒక్క వాక్యం ఎంత దూరం వెళుతుందో మహాడ్ చెరువు పోరాటం చెబుతుంది. ప్రభుత్వ సొమ్ముతో నడిచే బావులు, చెరువులు అంటరానివారికీ తెరవాలని 1923లో బొంబాయి శాసనమండలిలో తీర్మానం పెట్టినవాడు ఎస్.కె. బోలే. మహాడ్ పురపాలక సంఘం మరుసటి ఏడే చవదార్ చెరువు తెరుస్తున్నట్టు కాగితం మీద రాసుకుంది. నిజంగా ఆ నీళ్లలో దోసిలి ముంచడానికి 1927 మార్చి 20 దాకా ఆగాల్సి వచ్చింది. ఆ రోజు అంబేడ్కర్ వెంట నడిచిన వేలమంది తాము అడుగుతున్నది సభ ఇదివరకే ఒప్పుకున్న హక్కునని చెప్పగలిగారు. బోలే పేరు ఇవాళ ఎంతమందికి గుర్తుంది?

1942 జులైలో అంబేడ్కర్ వైస్రాయి మండలిలో కార్మిక శాఖ సభ్యుడయ్యారు. ప్రతిపక్షపు బెంచీ నుంచి ఇటు వైపు వచ్చారు. ఇక్కడ ఒక విషయం దాటవేయకూడదు. గనుల్లో భూగర్భపు పనికి ఆడవాళ్లను దించకూడదన్న నిషేధాన్ని యుద్ధకాలపు బొగ్గు కొరత పేరుతో 1943లో ఎత్తేసింది ఆయన భాగస్వామిగా ఉన్న ప్రభుత్వమే. 1944 ఫిబ్రవరిలో కేంద్ర శాసనసభలో దీని మీద గట్టి నిలదీత జరిగింది. ఇది తాత్కాలికమనీ, ఆడవాళ్లకూ మగవాళ్లతో సమానంగా కూలి ఇప్పిస్తున్నామనీ ఆయన సమాధానం చెప్పారు. 1928లో ప్రసూతి సెలవు బిల్లును శాసనమండలిలో సమర్థిస్తూ, తల్లికి విశ్రాంతి దేశానికే అవసరమన్న మనిషి ఆయన. ఆ 1943 నిర్ణయాన్ని నేను సమర్థించలేను. నిషేధం 1946లో మళ్లీ వచ్చింది. ఒకటి మాత్రం చెప్పాలి. సభ అడిగింది, మంత్రి స్థానంలో ఉన్నవాడు నిలబడి జవాబిచ్చాడు, ఆ జవాబు ఇవాళ మనం చదివి తప్పుపట్టగలిగేలా రికార్డులో ఉంది.

ధన్‌బాద్ బొగ్గుగనులకు వెళ్లి ఆయన గనిలోకి దిగారు, కూలీలు ఉండే గుడిసెలు చూశారు. 1944లో బొగ్గుగని కార్మికుల సంక్షేమ నిధి ఆర్డినెన్సు వచ్చింది. బొగ్గు మీద సెస్సు వేసి, ఆ డబ్బుతో ఇళ్లు, నీళ్లు, వైద్యం చూడాలని దాని ఉద్దేశం. 1947లో అదే చట్టరూపం దాల్చినప్పుడు ఇళ్లకు ప్రత్యేకంగా ఒక ఖాతా పెట్టారు. కార్మికుడి ఇల్లు దానధర్మం లెక్కలో లేదు, అతను తవ్విన బొగ్గులోంచే రావలసిన వాటా లెక్కలో ఉంది.

ఇక పని గంటలు. 1946 ఫ్యాక్టరీల సవరణ చట్టం వారానికి 54 గంటలను 48కి దించింది. ఆ బిల్లు సభకు తెచ్చింది అంబేడ్కరే. రోజుకు 8 గంటలు ఆయనే ఇచ్చారని మేడే సభల్లో వింటుంటాం. చట్టంలో ఉన్నది వారానికి 48, రోజుకు గరిష్ఠంగా 9. ఈ అంకెల మీదే ఇవాళ మళ్లీ కన్ను పడింది.

2025 జులైలో తెలంగాణ ప్రభుత్వం వాణిజ్య సంస్థల్లో రోజుకు 10 గంటలు పని చేయించుకోవచ్చని ఉత్తర్వు ఇచ్చింది. రాష్ట్ర సచివాలయం పేరు డాక్టర్ బి.ఆర్. అంబేడ్కర్ సచివాలయం. ఆంధ్రప్రదేశ్ మంత్రివర్గం అంతకు ముందు జూన్‌లోనే ఆ దారి పట్టింది, సెప్టెంబరులో శాసనసభ బిల్లుకు ఆమోదం తెలిపింది. అక్కడ ప్రధాన ప్రతిపక్షం సభకే రావడం మానుకుంది. వారానికి 48 గంటల పరిమితి అలాగే ఉంది కాబట్టి కార్మికుడికి నష్టం లేదని రెండు ప్రభుత్వాలూ అంటున్నాయి. వారం లెక్క కాగితానికి సరిపోవచ్చు. ఒంటికి మాత్రం రోజు లెక్కే. ఇంటి నుంచి పనికి వెళ్లి రావడానికి రెండు గంటలు పట్టే మనిషి ఆ పదితో కలిపి రోజుకు పన్నెండు గంటలు ఇంటికి దూరమవుతాడు. పైగా మూడు నెలలకు 144 గంటల దాకా ఓవర్‌టైముకు ఈ మార్పులే దారి తెరిచాయి.

ఢిల్లీలో జరిగిందీ గుర్తు చేసుకోవాలి. మూడు కార్మిక స్మృతులు 2020 సెప్టెంబరు 22, 23 తేదీల్లో, ప్రతిపక్షాలు బహిష్కరించిన సభల్లో నెగ్గాయి. అంతకు ముందు ఏడాది వచ్చిన వేతన స్మృతితో కలిపి నాలుగూ 2025 నవంబరు 21 నుంచి అమల్లోకి వచ్చాయి. ఏ పరిశ్రమలోనైనా సమ్మెకు 14 రోజుల ముందు నోటీసు తప్పనిసరి, రాజీ ప్రక్రియ నడుస్తుంటే సమ్మె కుదరదు. 1938లో బొంబాయిలో అంబేడ్కర్ అడ్డుకోవాలని చూసిన బిల్లులో ఉన్నవీ ఇవే. అప్పుడు సభలో ఒకరు నిలబడి ప్రతి సెక్షనుకూ జవాబు అడిగారు. 2020లో కుర్చీలు ఖాళీ. బహిష్కరణకు కారణాలు ఉండొచ్చు. కానీ ఆ స్మృతుల మీద సభలో నమోదు కావలసిన వాదన ఎప్పటికీ నమోదు కాకుండా పోయింది.

ఇళ్ల విషయంలో మన పార్టీలన్నీ పోటీ పడతాయి. ఇందిరమ్మ ఇళ్లు, డబుల్ బెడ్‌రూమ్ ఇళ్లు, జగనన్న కాలనీలు. ప్రతి దానికీ ఎవరో ఒకరి పేరో, లబ్ధిదారుల జాబితానో ఉంటుంది. అద్దె ఇంటి సంగతి ఎవరూ ఎత్తరు. హైదరాబాదులోనో విజయవాడలోనో టు-లెట్ బోర్డు చూసి గేటు తట్టిన దళిత కుర్రాడికి ఇప్పటికీ ఎదురయ్యే ప్రశ్న: “మీరేమిట్లు?” సమాధానం నచ్చకపోతే, “అయ్యో, పొద్దున్నే అడ్వాన్సు ఇచ్చేశారండీ” అంటారు. సాయంత్రానికి బోర్డు అక్కడే వేలాడుతుంటుంది. నివాసం విషయంలో అంటరానితనం పాటించడం 1955 నాటి చట్టం ప్రకారం నేరమే. ఆ అడ్వాన్సు మాట అబద్ధమని నిరూపించడం ఎవరి తరం? బరోడా సత్రం మెట్ల మీద కర్రలు పట్టుకుని నిలబడ్డవాళ్ల వారసులు ఇప్పుడు మర్యాదగా మాట్లాడతారు, అంతే తేడా. అద్దెల్లో కులవివక్షను అరికట్టే ఒక ప్రైవేటు బిల్లును మన రెండు శాసనసభల్లో ఏ సభ్యుడైనా పెట్టొచ్చు. వీగిపోవచ్చు. పార్లమెంటులో స్వాతంత్ర్యం వచ్చినప్పటి నుంచి నెగ్గిన ప్రైవేటు బిల్లులు 14 మాత్రమే, చివరిది 1970లో. ఓటమి దాదాపు ఖాయమే. అయినా పెట్టాలి. 1928లో పెట్టకపోతే 1958లో అడిగేవాడికి చూపించడానికి ఏమీ ఉండేది కాదు.

ఏప్రిల్ 14న మీ నియోజకవర్గంలో అంబేడ్కర్ విగ్రహానికి దండ వేయడానికి ఎమ్మెల్యే వస్తారు. మర్యాదగానే దగ్గరకు వెళ్లి అడగండి: పది గంటల పని మీద సభలో మీరు ఏం మాట్లాడారు? ఏ సవరణ ఇచ్చారు? నోటి మాటతో సరిపెట్టుకోకండి, సభా కార్యకలాపాల నివేదికలో ఆ పేజీ చూపించమనండి.