కరెంటు అక్కర్లేని గీజర్

ఢిల్లీలో గీజర్ అంటే స్నానాల గదిలో గోడకు వేలాడే డబ్బా. జనవరి చలిలో అది మొరాయిస్తే ఇంటిల్లిపాదికీ స్నానాలు బంద్. అయితే రాజధాని ప్రాంతంలోనే భూమి తనంతట తాను నీళ్లు కాచి ఇచ్చే చోటు ఒకటుంది. గుర్గావ్‌కు దక్షిణాన సుమారు 25 కి.మీ. దూరంలో, ఆరావళి కొండల అంచున ఉన్న సోహ్నా.

నీళ్లు ఆకాశానికి ఎగజిమ్ముతాయనుకుని వెళ్లేవారికి మాత్రం నిరాశే. గీజర్ అనే మాట ఐస్‌లాండ్‌లోని ఒక ఊట పేరు నుంచి వచ్చింది. భూమి లోపలి ఇరుకు దారుల్లో చిక్కుకున్న నీరు మరిగి, ఆవిరి ఒత్తిడికి ఉండుండి పైకి చిమ్మితేనే అది గీజర్. సోహ్నాలోనిది వేడినీటి బుగ్గ. చిమ్మదు, ఊరుతుంది. కింద అగ్నిపర్వతమేమీ లేదు. వాననీరు రాతి పగుళ్ల గుండా లోతుకు దిగి, అక్కడి వేడికి కాగి, మరో పగులు వెంట పైకి వస్తుంది. దారిలో గంధకాన్ని వెంట తెస్తుంది. తెలంగాణలో మణుగూరు దగ్గర పగిడేరు వేడినీళ్లు చూసినవారికి ఈ వింత కొత్త కాదు.

ఊళ్లోని శివకుండమే ప్రధాన ఆకర్షణ. గుమ్మటం కింద ఊట, పక్కనే ఆలయం, స్త్రీ పురుషులకు వేర్వేరుగా స్నానాల ఏర్పాటు. చర్మవ్యాధులు తగ్గుతాయన్న నమ్మకంతో వచ్చేవారే ఎక్కువ. సోమవతి అమావాస్యకు రద్దీ మరింత. నమ్మకం మాటెలా ఉన్నా, గుండెజబ్బు ఉన్నవారు వేడినీళ్లలో ఎక్కువసేపు ఉండకపోవడమే మంచిది. సమయముంటే దగ్గర్లోని దమ్‌దమా సరస్సునూ చూసి రావచ్చు.

2023 ఫిబ్రవరిలో ఢిల్లీ-ముంబై ఎక్స్‌ప్రెస్‌వేలో సోహ్నా-దౌసా భాగం ప్రారంభమయ్యాక ఈ ఊరి పేరు దేశమంతా తెలిసింది. రోడ్డు వెంటే అపార్ట్‌మెంట్లు, వాటి వెంటే బోర్లు. గుర్గావ్ జిల్లాలో ఏటా భూమిలోకి ఇంకేదాని కంటే తోడేసే నీరే ఎక్కువ. వాననీటిని లోపలికి పంపాల్సిన కొండలనూ గనుల తవ్వకం దెబ్బతీసింది. చివరకు 2009 మే నెలలో సుప్రీంకోర్టు ఫరీదాబాద్, గుర్గావ్, మేవాత్ ప్రాంతాల్లోని ఆరావళిలో తవ్వకాలను నిలిపివేయాల్సి వచ్చింది.

బోర్లు ఊటను ఏం చేయగలవో న్యూజిలాండ్‌లోని రోటోరువా చెబుతుంది. ఇళ్లకు, హోటళ్లకు వేడినీళ్ల కోసం వేసిన బోర్ల వల్ల అక్కడి గీజర్లు నీరసించాయి. దాంతో 1986లో ప్రభుత్వం పొహుటు గీజర్ చుట్టూ ఒకటిన్నర కి.మీ. పరిధిలో బోర్లను మూసివేయించడం మొదలుపెట్టింది. ఊటలు మళ్లీ పుంజుకున్నాయి.

సోహ్నాకు జనాన్ని రప్పిస్తున్నది ఆ ఊటే. దాని చుట్టూ ఎంత దూరం వరకు బోరు వేయకూడదో తేల్చి గీత గీయడం రిసార్టులకు అనుమతులిచ్చే ముందే జరగాల్సిన పని. గోడమీది గీజర్ పాడైతే మెకానిక్ వస్తాడు. కుండం చల్లబడితే పిలవడానికి ఎవరూ ఉండరు.