త్రాగుడు మానిన వాని తొలి యేడు



మన పత్రికలో విత్తనములను గూర్చియు, ఎరువులను గూర్చియు, అప్పుల వాయిదాలను గూర్చియు నెలనెలా చదువుచున్నాము. త్రాగుడు వలని నష్టములను గూర్చియు పెద్దలు పలుమారులు వ్రాసియున్నారు. నేడు నేను వ్రాయబూనినది త్రాగుడును గూర్చి కాదు; త్రాగుడు మానిన పిమ్మట మనుష్యునకు వచ్చు కష్టమును గూర్చి. ఈ సంగతి మన గ్రామములలో ఎవ్వరును ఎత్తరు. ఎత్తకపోవుటచేతనే మానినవారిలో పలువురు మరల దుకాణపు దారి పట్టుచున్నారని నా అభిప్రాయము.

మా గ్రామమున జరిగిన యొక సంగతి చెప్పెదను. పేరుతో పనిలేదు. నాలుగెకరముల మాగాణి గల రైతు; మా సంఘ సభ్యుడు. మొదట సారాయికిని, 1993లో సారాయి నిలిచిన పిమ్మట సీసా బ్రాందికిని అలవాటుపడినవాడు. ఒక సంక్రాంతినాడు బిడ్డల యెదుట ఒట్టు పెట్టుకొని మానివేసెను. ఊరంతయు మెచ్చుకొనెను. సంఘ సమావేశమున అందరమును చప్పట్లు కొట్టితిమి. తొలి పక్షమున చేతులు వణకినను, కన్ను మూతపడకున్నను ఓర్చుకొనెను. ఉగాది నాటికి వణకు పోయినది; కాని మనిషిలో మనిషి లేకపోయెను. తెల్లవారి అరుగుమీద కూర్చుండినవాడు ప్రొద్దెక్కినను కదలడు. గట్టు వరకు పోయి, మడికి నీరు మళ్లింపకయే తిరిగివచ్చును. అన్నము సయింపదు. మనుమరాలు ఒడిలోనికి వచ్చినను నవ్వు రాదు.

“త్రాగినప్పుడే నయము, ఇద్దరి పని చేసెడివాడు” అని వీధిలో అనుకొనిరి. ఆ మాట అన్నవారిలో నేనొకడను. అంతేకాదు, వాయిదా దాటినదని సంఘ కార్యాలయములో పదిమంది యెదుట “నీవు మానినందున మాకేమి ఒరిగినది?” అని అడిగినవాడను నేనే. ఆయన మారుపలుకలేదు. నాలుగవ నెలలో మరల త్రాగెను.

అటుపిమ్మట నా మనస్సు నిలువక వైద్యులను అడిగియు, చదివియు కొంత తెలిసికొంటిని. అది ఆనాడే తెలిసియున్న నా నోట ఆ మాట వచ్చియుండదు. కావున మీకు తెలుపుచున్నాను.

మద్యము మెదడును మందగింపజేయును. ఏండ్ల తరబడి ప్రతిదినమును త్రాగువాని మెదడు ఆ మాంద్యమును ఎదుర్కొనుటకై తన వేగమును పెంచుకొనును. మద్యము హఠాత్తుగా ఆగినప్పుడు ఆ వేగము మాత్రము మిగిలి వణకు, చెమట, నిద్రలేమి కలుగును. ఇది తొలి దినముల బాధ. రెండవది నెమ్మదిగా వచ్చు బాధ. పనిచేసినప్పుడు, ఆకలిగొని భుజించినప్పుడు, బిడ్డ నవ్వినప్పుడు మనకు కలుగు సంతోషమునకు మెదడులో డోపమిన్ అను పదార్థమును దానికి సంబంధించిన నరముల వ్యవస్థయు ఆధారము. మద్యము దీనిని అమితముగా రెచ్చగొట్టి, కాలక్రమమున మొద్దుబార్చును. త్రాగుడు మానిన పిమ్మట అది తిరిగి మేలుకొనుటకు వారములును, కొందరికి నెలలును పట్టును. అంతవరకు పచ్చని పైరు కన్నులయెదుట నున్నను మనస్సునకు చప్పగానే తోచును. నిద్ర కుదుటబడుటకును నెలలు పట్టవచ్చును. ఇంతేగాక, కూటికి బదులు సీసాతో గడిపిన వాని శరీరమున థయమిన్ అను బి1 విటమినును, ఇతర పోషకములును తరిగియుండును, రక్తహీనత యుండవచ్చును, కాలేయము చెడియుండవచ్చును. ఇట్టివానికి సత్తువ ఎక్కడినుండి వచ్చును?

గాలికుంటు తగ్గిన యెద్దును మనమెరుగుదుము. నోటి పుండ్లు మాని, గిట్టలు నయమై చూపులకు బాగుగనే యుండును. ఎండలో కాడి కట్టినచో రొప్పును. ఆ యెద్దును సోమరి యని ములుకోలతో పొడుచు రైతు రైతు కాడు. యెద్దునకు చూపు ఓర్పు తోటి రైతునకు చూపలేమా?

ఈ దిగులు తమకు మాత్రమే కలిగినదని మానినవారు తలంతురు. అది నిజము కాదు. 1935లో అమెరికాలో త్రాగుబోతులు ఒకరికొకరు తోడై మానుటకు ఏర్పడిన ‘ఆల్కహాలిక్స్ అనానిమస్’ అను సంఘమును స్థాపించిన ఇద్దరిలో నొకడగు బిల్ విల్సన్ 1934 డిసెంబరులో త్రాగుడు మానెను. వేలమందికి దారిచూపిన యా మనుష్యుడే 1940 తరువాతి సంవత్సరములలో చాలకాలము తీవ్రమైన మనోవ్యాకులతతో బాధపడెను. అయినను తిరిగి సీసా ముట్టలేదు. దిగులు కలుగుట ఓటమి కాదనుటకు ఇంతకన్న నిదర్శన మేల?

అయితే దిగులన్నియు నొక్కటి కావు. 1988లో ప్రకటితమైన యొక అమెరికా పరిశోధనలో, చికిత్సకు చేరిన త్రాగుబోతులలో నూటికి 42 మందికి తొలి రెండు దినములలో తీవ్రమైన మనోవ్యాకులత కనబడెను. త్రాగుడు లేకుండ నాలుగవ వారము వచ్చునప్పటికి అది నూటికి 6 మందిలో మాత్రమే నిలిచెను. దీనివలన రెండు సంగతులు తెలియుచున్నవి. మొదటిది, ఓర్చుకొన్నవారిలో ఎక్కువమందికి ఆ తీవ్రత తగ్గును. అలసటయు, నిద్ర చాలమియు మాత్రము మరికొంతకాలము ఉండవచ్చును. రెండవది, నెల గడచినను మనస్సు తేరుకొనక, ఏ పనియందును ఆసక్తి లేక, నేనెందుకు బ్రతుకవలెనను తలంపు వచ్చుచున్నచో అది వేరొక వ్యాధి. దానికి మందు కలదు. మా రైతు ఆ కొద్దిమందిలో నొకడై యుండవచ్చును. ఆయనను వైద్యుని కడకు గొనిపోవలసినది. మేము వాయిదాను గూర్చి అడిగితిమి.

వైద్యమునకు దూరము పోలేమని చింతింప పనిలేదు. 2022 అక్టోబరులో ప్రభుత్వము నెలకొల్పిన టెలిమానస్ అను సేవకు 14416 అను సంఖ్యకు రేయింబవళ్లు ఫోను చేయవచ్చును, తెలుగున మాటలాడుదురు. మత్తు అలవాట్లను మానుటకై 14446 అను మరియొక ఉచిత సంఖ్య కలదు. త్రాగవలెనను కోరికను తగ్గించు మందులును ఉన్నవి. వానిని వైద్యుడు చూచి ఈయవలెను గాని దుకాణమున అడిగి కొనరాదు. చనిపోవుదునను మాట ఎవని నోట వచ్చినను దానిని బెదిరింపుగా తలపక, ఆ దినమే ఆసుపత్రికి గొనిపోవలెను. ఇంటిలోని పురుగుమందును ఆతనికి అందకుండ దాచవలెను.

మరియొక హెచ్చరిక. ఏండ్లుగా మితిమీరి త్రాగినవాడు వైద్యుని సలహా లేకయే ఒక్కమారుగా మానుట ప్రమాదము. తొలి రెండు మూడు దినములలో మూర్ఛలును, మతిభ్రమణమును కలిగి ప్రాణమునకే ముప్పు రావచ్చును. 2015లో తెలంగాణమున మత్తుమందులు కలిపిన కల్లుపై నిఘా హెచ్చినప్పుడు, ఆ కల్లునకు అలవాటుపడినవారు నిజామాబాదు, మహబూబునగరు జిల్లాలలో పలువురు ఆసుపత్రుల పాలైరి. మానవలెనను పట్టుదల మంచిదే. ఆ పట్టుదల మొదట వైద్యుని కడకు నడువవలెను.

ఇక మానినవాడు తన మట్టుకు చేయవలసినది పెద్దది కాదు. నిద్ర పట్టినను పట్టకున్నను ఒకే వేళకు లేవవలెను. తెల్లవారిన వెలుగులో పొలము వరకు నడువవలెను. మొదట దినమునకు ఒక చిన్న పని, గట్టు చెక్కుటయో, పశువులకు మేత వేయుటయో, మొదలుపెట్టి ముగింపవలెను. మనస్సు కలిగిన పిమ్మట పని చేయుదునని కూర్చుండరాదు. పని చేయగా చేయగా మనస్సు కలుగును. పప్పు, ఆకుకూర, గ్రుడ్డు, మజ్జిగ వేళకు తినవలెను. దుకాణమునకు పోవు సాయంకాలపు గడియలో ఒంటరిగా నుండరాదు. కల్లు తేలిక గదా యనియు, నిద్రమాత్ర ఒకటి చాలుననియు చెప్పువారి మాట వినరాదు.

ఇంటివారికిని ఒక మాట. ఇల్లాలు ఏండ్ల తరబడి పడిన బాధకు ఆమె కోపగించుట న్యాయమే. దానిని మ్రింగుకొమ్మని నేను చెప్పను. పాత లెక్కలన్నియు తొలి నెలలలోనే తీర్చుకొనవద్దని మాత్రము కోరుచున్నాను. ఆ భారమంతయు ఆమెపైననే వేయక, అన్నదమ్ములును బావమరదులును వంతులవారీగా పంచుకొనవలెను.

ఇప్పుడు మన సంఘముల సంగతి. జర్మనీ దేశమున రైఫైజన్ స్థాపించిన గ్రామ పరపతి సంఘముల పద్ధతిని మనకు తెమ్మని 1895లో ఫ్రెడరిక్ నికల్సన్ మదరాసు ప్రభుత్వమునకు నివేదించెను. 1904లో సహకార పరపతి సంఘముల చట్టము వచ్చెను. ఆ పద్ధతికి మూలమేమి? ఒకే యూరి వారు ఒకరి నడవడి నొకరెరిగి, ఆ నడవడినే పూచీగా గొని అప్పిచ్చుకొనుట. త్రాగుడు మానుటకన్న నడవడికి గొప్ప సాక్ష్యమేమున్నది? దానిని మనమే గుర్తింపకున్న బ్యాంకు గుర్తించునా?

కావున నేను కోరునది ఇది. త్రాగుడు మానిన సభ్యుని తొలి యేడు పదిమంది యెదుట బాకీ అడుగరాదు. ఇంటికి పోయి, వాయిదా దాటకమునుపే, నిబంధనలు ఒప్పినంతవరకు గడువు మార్చుకొనుటకు తోడ్పడవలెను. ఆతడు కోరినచో ధాన్యపు సొమ్మును సంతలో చేతికీయక పొదుపు ఖాతాలో జమకట్టవలెను. సాయంకాలము పలుకరించుటకు ఇద్దరు సభ్యులను ఏర్పరుపవలెను. పైన చెప్పిన రెండు ఫోను సంఖ్యలను కార్యాలయపు గోడపై పెద్ద అక్షరములతో వ్రాయింపవలెను.

“ఎన్నడును త్రాగక వేళకు కట్టువానికి లేని దయ, త్రాగి చెడినవానికేల?” అని కొందరడుగుదురు. న్యాయమైన ప్రశ్నయే. ఒక్క రూపాయియైనను మాఫీ చేయుమని నేను కోరలేదు. వడ్డీ వడ్డీయే, అసలు అసలే. కోరినది కొంత వ్యవధియు, కొంత మర్యాదయు. ఆతడు మరల సీసా పట్టినచో వాయిదా మాత్రమే గాదు, పొలమే పోవును. అప్పుడు నష్టము సంఘమునకును వచ్చును.

1992లో నెల్లూరు జిల్లా దూబగుంట స్త్రీలు సారాయి దుకాణములను మూయించిరి. 1995లో రాష్ట్రమంతటను మద్యనిషేధము వచ్చి, 1997లో సడలెను. దుకాణము మూయుట తెరచుట ప్రభుత్వముల చేతిలోనున్నది. మానినవానిని నిలుపుకొనుట మన చేతిలోనున్నది.

మా రైతు మరుసటి యేడు తిరిగి మానెను. ఈమారు ముందుగనే జిల్లా ఆసుపత్రికి పోయితిమి. తోడు పోయినవాడను నేను. దారిలో ఆనాటి మాటకు క్షమింపుమని అడిగితిని. “ఆ మాటకన్న మీరెవ్వరును ఇంటికి రాకుండుటయే నన్ను కొట్టినది” అనెను. మూడేండ్లయినది. ఇప్పటికిని కొన్ని దినములు దిగులు క్రమ్మునని చెప్పును. ఆ దినములలోను మడికి నీరు మళ్లించియే వచ్చుచున్నాడు.

సోదరులారా! మీ యూరిలో ఈ సంవత్సరము ఎవడైన మానియున్నచో, రేపు సాయంకాలము వాని యరుగు మీద పోయి కూర్చుండుడు. చెప్పవలసినదేమియు లేకున్నను కూర్చుండుడు.

— ఒక సభ్యుడు